కొమ్ము ఊదే హంస: జీవశాస్త్రం అభ్యర్థులకు నా ప్రిపరేషన్ అనుభవం

స్కూల్ అసిస్టెంట్ జీవశాస్త్రం పోస్టుకు సిద్ధమవుతున్న మిత్రులకు నమస్కారం. నేను కడపలో గది అద్దెకు తీసుకొని, పగటి వేళంతా సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చొని చదువుకున్నాను. మిగిలిన పాఠాలన్నీ ఒక ఎత్తు, వర్గీకరణ శాస్త్రం ఒక్కటీ ఒక ఎత్తుగా ఉండేది. ఆ కష్టం నాకు ఒక హంస పేరు దగ్గర తీరింది కాబట్టి, దాని గురించే వివరంగా రాస్తున్నాను.

మొదట్లో శాస్త్రీయ నామాలను ఎక్కాల మాదిరిగా వల్లె వేసేదాన్ని. ఒక నమూనా పరీక్షలో హంస జాతులను అవి జీవించే ప్రాంతాలతో జతపరచమన్నప్పుడు, ‘సిగ్నస్ కొలంబియానస్’ అన్న పేరు చూసి దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశాన్ని ఎంచుకున్నాను. నిజానికి ఆ పేరు వాయవ్య అమెరికాలో పారే కొలంబియా నది నుంచి వచ్చింది. ఆ పక్షి గుడ్లు పెట్టేది ఉత్తరాన, చెట్లు పెరగని చలి మైదానాలైన టండ్రాలో. పోయింది అర మార్కే అయినా, పేరు తెలిసి అర్థం తెలియకపోవడం నన్ను చాలా బాధించింది. ఆ సాయంత్రమే అదే ప్రశ్నలోని మరో పేరు, ‘సిగ్నస్ బక్సినేటర్’, అర్థం వెతికాను.

బక్సినేటర్ అంటే లాటిన్ భాషలో ‘బక్సినా’ ఊదేవాడు. బక్సినా అనేది రోమన్ల వంపు తిరిగిన కొమ్ము. మన ఊళ్ళలో తిరునాళ్ళకు ఊదే ఇత్తడి కొమ్మును చూసినవారికి దాని రూపం వేరే చెప్పనక్కర లేదు. ఇంగ్లిషులో ఈ పక్షిని ట్రంపెటర్ స్వాన్ అంటారు. దాని కూత లోతుగా, కొమ్ము ఊదినట్టే ఉంటుంది. ఎందుకంటే దాని వాయునాళం మెడలోంచి నేరుగా ఊపిరితిత్తులకు పోకుండా, ఉరోస్థి (రొమ్ము ఎముక) లోపలికి దూరి, అక్కడ మెలిక తిరిగి, ఆ తరువాత ఊపిరితిత్తులను చేరుతుంది. గొట్టం పొడవు పెరిగిన కొద్దీ స్వరం లోతవుతుందని భౌతికశాస్త్రంలో మనం చదివిందే ఇక్కడ ఒక పక్షి ఎముకలో కనబడుతుంది. మన బుగ్గలో గాలిని నొక్కి ఊదడానికి తోడ్పడే కండరం పేరు కూడా బక్సినేటరే అని గుర్తుకు వచ్చినప్పుడు కలిగిన సంతోషాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. రెండు వేర్వేరు అధ్యాయాలు ఒక్క మాటతో ముడిపడ్డాయి.

ఈ జాతి ఉత్తర అమెరికాది. ఆ ఖండపు నీటిపక్షులలో ఇదే అన్నిటికన్నా బరువైనది. పెద్ద మగపక్షి 10 కిలోలు దాటుతుంది. ఈకల కోసం, చర్మం కోసం దీన్ని ఎంతగా వేటాడారంటే, 1930ల ఆరంభానికి అమెరికాలో, అలాస్కాను మినహాయిస్తే, 70 కంటే తక్కువ పక్షులే మిగిలినట్టు లెక్క తేలింది. 1935లో మోంటానా రాష్ట్రంలోని రెడ్ రాక్ సరస్సుల వద్ద అభయారణ్యం ఏర్పాటు చేసి కాపాడిన తరువాత వాటి సంఖ్య క్రమంగా పెరిగింది.

ఇక నామీకరణ నియమాలు. వూపర్ స్వాన్ శాస్త్రీయ నామం ‘సిగ్నస్ సిగ్నస్’. ప్రజాతి (జీనస్), జాతి (స్పీషీస్) పేర్లు ఒకటే కావడాన్ని టాటోనిమీ అంటారని, నాజా నాజా, ఆక్సిస్ ఆక్సిస్ ఉదాహరణలతో ఇంటర్ జంతుశాస్త్రంలో మనం చదివినదే. వృక్షశాస్త్రంలో ఇది చెల్లదు. సిగ్నస్ సిగ్నస్ తరువాత, ఆ జాతికి మొదట పేరు పెట్టిన లిన్నేయస్ పేరును, 1758 అన్న సంవత్సరాన్ని కుండలీకరణాల్లో రాస్తారు. ట్రంపెటర్ స్వాన్ పేరు తరువాత, దానికి పేరు పెట్టిన రిచర్డ్‌సన్ పేరుకు మాత్రం కుండలీకరణాలు ఉండవు. లిన్నేయస్ మొదట వూపర్ స్వాన్‌ను ‘అనాస్’ అనే బాతుల ప్రజాతిలో చేర్చగా, తరువాతి వారు దాన్ని సిగ్నస్‌లోకి మార్చారు. రిచర్డ్‌సన్ తన పక్షిని మొదటే సిగ్నస్‌లో ఉంచాడు. ప్రజాతి మారితేనే కుండలీకరణాలు అన్న, చాలామంది దాటవేసే ఈ చిన్న నియమం రెండు హంసలను పక్కపక్కన రాసుకుంటే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. నల్ల హంస ‘అట్రేటస్’కు నల్లని వస్త్రం ధరించినది అని అర్థం, అది ఆస్ట్రేలియా పక్షి.

తెలుగు మాధ్యమంలో రాసేవారు ఒక సంగతి గమనించాలి. మన ‘హంస’ అనే సంస్కృత పదమూ, గూస్ పక్షుల ప్రజాతి పేరైన ‘అన్సర్’ అనే లాటిన్ పదమూ ఒకే మూలం నుంచి వచ్చాయి. హిమాలయాలను దాటి చలికాలంలో మన దేశానికి వచ్చే, తలపై రెండు నల్లని పట్టీలుండే ‘అన్సర్ ఇండికస్’ను కూడా కొందరు రాజహంస అనే పిలుస్తారు. కాబట్టి ప్రశ్నలో హంస అని కనబడితే వెంటనే సిగ్నస్ అని గుర్తు పెట్టకుండా, పక్కనే ఉన్న ఇంగ్లిషు ప్రశ్నలో స్వాన్ అని ఉందో, గూస్ అని ఉందో చూసుకొని జవాబు రాయండి.