ఉద్యోగం లేనప్పుడు కాళ్ళు పడిపోతే

2024 నవంబరులో నా ఉద్యోగం పోయింది. మేముండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. అన్‌ఎంప్లాయ్‌మెంట్ (ఉద్యోగం పోయినవాళ్ళకు రాష్ట్రమిచ్చే భృతి) తీసుకుంటూ, రోజూ అప్లికేషన్లు పెడుతూ ఉండగా మార్చిలో జబ్బు పడ్డాను.

ముందు కడుపు పాడైంది. అది సర్దుకున్న వారం పదిరోజులకు అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి. మర్నాటికి మెట్లెక్కాలంటే రెయిలింగ్ పట్టుకుని ఒళ్ళంతా పైకి లాక్కోవాల్సి వచ్చింది. ఆ మర్నాడు బాత్రూములో స్టూలు మీద కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. ఎమర్జెన్సీలో డాక్టరమ్మ చిన్న సుత్తితో మోకాలి కింద తట్టింది. కాలు కదల్లేదు. రెండోదీ అంతే. వెన్నులోంచి నీరు తీసి చూసి, గిలాన్ బారే సిండ్రోమ్ అన్నారు. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి మన నరాల మీదికే తిరగబడటం అన్నమాట. కాళ్ళతో మొదలై పైకి పాకుతుంది. ఊపిరి తీసే కండరాలదాకా వస్తే వెంటిలేటర్ పెట్టాలి.

అందుకని కొన్ని గంటలకోసారి నర్సు వచ్చి ఒక గొట్టంలోకి ఊదించేది. తర్వాత ఒక్క గుక్కలో ఎన్ని అంకెలు చెప్పగలనో వినేది. నాకు తెలుగులోనే వచ్చేది: ఒకటి, రెండు, మూడు... మొదటి రాత్రి ముప్పై దాటాను. రెండో రాత్రి పద్దెనిమిది దగ్గర ఆగిపోయాను. మా ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఐదు రోజులు ఐవీఐజీ, అంటే దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీల మందు, ఎక్కించారు. అంకె అక్కణ్ణుంచి ఇంకా దిగలేదు, మెల్లగా పెరిగింది. ఆ మందు కనిపెట్టినవాళ్ళకూ, రక్తంలోంచి ప్లాస్మా ఇచ్చిన ముక్కూమొహం తెలియనివాళ్ళకూ దణ్ణం పెడుతున్నాను.

ప్రాణభయం తగ్గాక డబ్బు భయం మొదలైంది. అన్‌ఎంప్లాయ్‌మెంట్ తీసుకునేవాళ్ళు రెండు వారాలకోసారి కొన్ని ప్రశ్నలకు జవాబులు రాసి సర్టిఫై చేయాలి. అందులో మొదటి ప్రశ్నే, జబ్బు వల్లో దెబ్బ వల్లో పనిచేయలేని రోజులున్నాయా అని. పనికి సిద్ధంగా ఉన్నవాళ్ళకే ఆ డబ్బు. మంచం మీద ఉన్నదాన్ని, ఉన్నాయని రాస్తే ఆ రోజుల డబ్బు ఆగింది. ఇంటి అద్దె మాత్రం ఆగదు కదా.

జబ్బుతో పనిచేయలేనివాళ్ళకు రాష్ట్రమిచ్చే డిసెబిలిటీ డబ్బుకు పెట్టుకోమని రిహాబ్‌లో సోషల్ వర్కర్ చెప్పింది. నేను నమ్మలేదు. తెలిసినవాళ్ళందరూ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకే అన్నారు. డాక్టరు ఆఫీసులో కాగితాలు చూసే అమ్మాయైతే, ఉద్యోగమే లేనప్పుడు సెలవు దేన్నుంచి అని అడిగింది. తెనాలి నుంచి అమ్మ ఫోన్లో, "వికలాంగురాలివని రాయించుకుంటావా, రేపు ఉద్యోగం ఎవరిస్తారమ్మా" అని ఏడ్చింది.

ఆ రాత్రి మా ఆయన నా పాత పే స్టబ్‌లు (జీతం చీటీలు) తీశారు. ప్రతిదాంట్లో సీఏ ఎస్‌డీఐ, అంటే కాలిఫోర్నియా స్టేట్ డిసెబిలిటీ ఇన్సూరెన్స్, అని ఒక కోత ఉంది. 2024లో అది జీతంలో 1.1 శాతం. ఇన్నేళ్ళుగా కట్టింది నేనే, అది బీమా. కాలిఫోర్నియా నిబంధన ప్రకారం జబ్బు మొదలైన నాటికి ఉద్యోగంలో ఉండాలి, లేదా ఉద్యోగం వెతుక్కుంటూ ఉండాలి. రెండోది నేనే. ఈ డబ్బులిచ్చే రాష్ట్ర శాఖ ఈడీడీ, ఎంతివ్వాలో పాత జీతం మీద లెక్కకడుతుంది. క్లెయిమ్ జనవరి, ఫిబ్రవరి, మార్చిల్లో మొదలైతే, వెనకటి సెప్టెంబరుతో ముగిసే పన్నెండు నెలలు చూస్తారు. ఆ పన్నెండు నెలలూ నేను ఉద్యోగంలోనే ఉన్నాను. ఆ కాలంలో కొంత భాగం ఉద్యోగం వెతుక్కుంటూ గడిచినవాళ్ళు నిరాశపడొద్దు. ఒక క్వార్టరులో (మూడు నెలల్లో) 60 రోజులు, అంతకుమించి వెతికి ఉంటే, ముందరి క్వార్టర్ల జీతం పరిగణించమని అడగొచ్చు.

అప్పటికి నా వేళ్ళు ఇంకా సరిగా ఆడటం లేదు. నేను చెబుతుంటే ఆయన టైపు చేశారు. చివరగా పనిచేసిన తేదీ నవంబరు, జబ్బు మొదలైన తేదీ మార్చి. మధ్యలో ఉద్యోగం వెతికాననడానికి రిక్రూటర్ల మెయిళ్ళు, అన్‌ఎంప్లాయ్‌మెంట్ సర్టిఫికేషన్లు ఉన్నాయి. జబ్బు మొదలైన 9 రోజుల తర్వాతే క్లెయిమ్ పెట్టాలి, 49 రోజులు దాటకూడదు. పెట్టగానే ఒక రసీదు నంబరు వస్తుంది. అది డాక్టరుకు ఇస్తేనే ఆవిడ తన భాగం నింపగలదు. మాది ఆలస్యమైంది అక్కడే: నంబరు ఆ ఆఫీసులో ఎవరి బల్ల మీదో ఉండిపోయింది. మా ఆయన వెళ్ళి, వాళ్ళు నింపేదాకా కదలకుండా కూర్చున్నారు.

మొదటి 7 రోజులకు డబ్బు ఉండదు. తర్వాత వారానికి 1,681 డాలర్లు వచ్చింది, 2025లో అదే గరిష్ఠం. అన్‌ఎంప్లాయ్‌మెంట్ అయితే 450 దాటదు. రెండూ ఒకే రోజులకు ఇవ్వరు. జబ్బుతో 450 కూడా వదులుకుని కూర్చున్నవాళ్ళు మనలో ఎంతమందో అనిపించి కడుపు తరుక్కుపోయింది. ఈ రాష్ట్రంలో పౌరసత్వం, వీసా దీనికి అడ్డు కాదు. హెచ్1బీ వాళ్ళకు మాత్రం ఉద్యోగం పోయాక ఉండే 60 రోజుల గడువు జబ్బు పడ్డారని ఆగదు, అది వేరే చూసుకోవాలి. డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురు తనకూ వస్తుందా అని అడిగింది. టెక్సాస్‌లో ఇలాంటి రాష్ట్ర పథకం లేదు. ఫెడరల్ డిసెబిలిటీ ఉంది కానీ, కనీసం ఏడాది పనిచేయనివ్వని జబ్బుకే అది.

వేసవంతా ఫిజియోథెరపీ. వాకర్‌తో వంటింటిదాకా, తర్వాత కర్రతో వీధి చివరిదాకా. చీలమండ చివరిదాకా మొరాయించింది. గోడకు చేతులానించి మునివేళ్ళ మీద లేవమనేవాళ్ళు, మడమ కాగితమంత కూడా లేచేది కాదు. ఆగస్టులో లేచింది. ఆ నెలాఖరుకు డాక్టరు పని చేసుకోవచ్చని రాసిచ్చారు. డిసెబిలిటీ ఆపించి, పాత అన్‌ఎంప్లాయ్‌మెంట్ క్లెయిమ్‌లో మిగిలిన వారాలు మళ్ళీ తెరిపించుకున్నాను. అక్టోబరులో కాంట్రాక్టు పని దొరికింది. ఎడమ పాదంలో తిమ్మిరి ఇంకా ఉంది.

జనవరిలో 1099-జీ వచ్చింది, ప్రభుత్వం ఇచ్చిన డబ్బును పన్ను లెక్కకు చూపే కాగితం. ఉద్యోగంలో ఉండగా జబ్బుపడి ఎస్‌డీఐ తీసుకుంటే పన్ను లేదు. నాలాగా అన్‌ఎంప్లాయ్‌మెంట్ బదులుగా తీసుకుంటే ఫెడరల్ టాక్స్ పడుతుంది, కాలిఫోర్నియా టాక్స్ పడదు. డబ్బు చేతికందినప్పుడే కొంత పక్కన పెట్టుకోండి.