నీలగిరి గడ్డి వయసెంత?

ఊటీ చుట్టుపక్కల, 2,000 మీటర్లకు పైన, నీలగిరులు పీఠభూమిలా పరుచుకుని ఉంటాయి. గుట్టల మీదంతా గడ్డి, లోయల మడతల్లో మాత్రం షోలా అనే దట్టమైన పొట్టి చెట్ల అడవి. ఒకప్పుడు అంతా అడవేననీ, గేదెల మేత కోసం ఇక్కడి ఆదివాసులైన తోడాలు పదేపదే తగలబెట్టడం వల్లే గడ్డినేల అయిందనీ చాలాకాలం ఒక వాదన నడిచింది. నేను పుప్పొడి పరిశోధనలోకి వచ్చింది ఆ వాదన తేల్చుకోవాలనే.

సాక్ష్యం లోయల అడుగున చిత్తడిలో ఉంది. నీళ్లు నిలిచి గాలి ఆడని చోట మొక్కలు పూర్తిగా కుళ్లవు, నల్లటి పీట్‌గా పేరుకుంటాయి. గాలికి వచ్చి పడిన పుప్పొడీ అందులో భద్రంగా ఉంటుంది. ఒక్కో పొరలో దాన్ని చూస్తే ఆ కాలంలో ఏ మొక్కలుండేవో తెలుస్తుంది. రేణువు పైపొరలోని స్పోరోపొలెనిన్ ఎంత గట్టిదంటే, మట్టిలోని ఇసుకను కరిగించే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కూడా దాన్నేమీ చేయలేదు. ఆ యాసిడ్ పోసే రోజు నాకు ఇప్పటికీ టెన్షనే. ఒంటి మీద పడితే వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, కానీ ఎముక దాకా దిగుతుంది. దానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికి అందేలా పెట్టుకోనిదే సీసా మూత తీయను.

మిగిలిన రేణువులను గ్లిజరిన్‌లో వేసి, 400 రెట్లు పెద్దవి చేసి చూస్తూ, ఒక్కో శాంపిల్‌కు కనీసం 300 లెక్కపెడతాను. రోడోడెండ్రాన్‌వి నాలుగేసి అతుక్కుని ఉంటాయి. ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన వాటిల్ చెట్టువి 16 కలిసి ఒకే ముద్ద. అది కనిపిస్తే ఆ పొర బ్రిటిష్‌వాళ్లు వచ్చాక పేరుకున్నదే. గడ్డి రేణువు గుండ్రంగా, ఒకే రంధ్రంతో ఉంటుంది. అది ఏ రకం గడ్డో మాత్రం దాన్ని చూసి చెప్పలేం.

అక్కడ కార్బన్ ఆదుకుంటుంది. ఎండను, కరువును తట్టుకునే సీ4 రకం గడ్డిలో కార్బన్-13 అనే బరువైన కార్బన్ పాలు ఎక్కువ. శాస్త్రవేత్త రామన్ సుకుమార్, ఆయన సహచరులు నీలగిరి పీట్‌లో దీన్ని కొలిచి 1993లో నేచర్ పత్రికలో ప్రచురించారు. సుమారు 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు, వానలు తగ్గి ఇక్కడ ఆ గడ్డిదే పైచేయి అయింది. మన దేశంలో పశువుల పెంపకమే మొదలుకాని కాలమది! ఇక తోడాల మీద నింద ఎలా నిలుస్తుంది?

అయినా ఈ గడ్డినేలను ఉత్త బంజరు అనుకుని వాటిల్, పైన్, యూకలిప్టస్ నాటారు. నీలగిరి తార్ అనే అడవిమేక మేసేది ఈ గడ్డినే. నాకు ఇది తలుచుకుంటే కడుపు మండుతుంది.

అయితే షోలా చెట్లలో చాలావాటికి పురుగులే పుప్పొడి మోస్తాయి. గాలిలోకి చేరేది తక్కువ. కాబట్టి స్లైడ్‌లో చెట్ల రేణువులు తగ్గినంత మాత్రాన అడవి లేదని అనలేం. అందుకే ఈసారి షోలా లోపల, అంచున, బయట గడ్డిలో, రాలిన పుప్పొడిని పట్టి ఉంచే ఇవాళ్టి నాచు సేకరిస్తున్నాను. కళ్లెదుట ఉన్న అడవి పుప్పొడి లెక్కలో ఎంతగా కనిపిస్తుందో ముందు తేలాలి. గడ్డి తరఫున మాట్లాడేదాన్ని కదా, ఆ లెక్క నేనే సరిచూడాలి.