ముల్లు సున్నా మీదే ఉంది, పత్తి మాత్రం సిమెంటులా వచ్చింది

ఆటో మోడ్‌ను వదిలిపెట్టి కెమెరాను నా ఇష్టప్రకారం నడపాలన్న కోరికతో హైదరాబాదులో వారాంతాల్లో జరిగే ఒక శిక్షణ తరగతిలో చేరాను. ఆ తరగతి మొన్ననే ముగిసింది. ఇప్పుడు ఏ వెలుగులోనైనా ధైర్యంగా ఎం మోడ్ (అన్నీ మనమే అమర్చుకునే మాన్యువల్ మోడ్) పెట్టుకుని ఫొటో తీయగలుగుతున్నాను గాని, ఆ ధైర్యానికి మూలమైన సంగతి మాత్రం నేను ఫీజు కట్టిన చోట దొరకలేదు. ఉక్రోషం చల్లారకముందే రాసేయాలనిపించింది.

కంపోజిషన్ నాకు కష్టమనిపించలేదు. తెరను తొమ్మిది గడులుగా విడగొట్టే గీతలను కెమెరాలోనే కనిపించేలా పెట్టుకుని, ముఖ్యమైన వస్తువును ఆ గీతలు కలిసే చోటికి జరపడం ఒక పూటలో అలవాటైంది. మూడో వంతు సూత్రమని అందరూ చెప్పే ఈ మాటను ఆంగ్ల చిత్రకారుడు జాన్ థామస్ స్మిత్ 1797లోనే రాశాడు. అప్పటికి ఫొటోగ్రఫీ పుట్టనే లేదు. మా శిక్షకుడు మాత్రం తానే కనిపెట్టినంత గంభీరంగా ఉదయమంతా దాని మీదే గడిపారు. వరంగల్ కోటలో కీర్తితోరణాన్ని నేరుగా ఎదుట నిలబడి తీసేటప్పుడు ఆ సూత్రాన్ని పక్కన పెట్టడమే మేలని నా అభిప్రాయం. రెండు వైపులా సరిసమానంగా చెక్కిన కట్టడాన్ని నడిమధ్యన నిలిపితేనే నిండుగా ఉంటుంది. మనిషిని తీసేటప్పుడైతే రెండడుగులు పక్కకు జరిగి, తల వెనుక మొలిచినట్టు కనిపించే కరెంటు స్తంభాన్ని తప్పించడం ఏ సూత్రం కన్నా ఎక్కువ ఉపకారం చేస్తుంది.

లెన్సులో వెలుగు వచ్చే రంధ్రమైన అపర్చర్, ఆ వెలుగు ఎంతసేపు పడాలో చెప్పే షట్టర్ స్పీడ్, దానికి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే ఐఎస్ఓల లెక్క కూడా తొందరగానే పట్టుబడింది. 2.8, 4, 5.6, 8, 11, 16 అంటూ అపర్చర్ అంకె ఒక్కో మెట్టు ఎక్కినకొద్దీ లోపలికి వచ్చే వెలుగు సగానికి తగ్గుతుంది. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవడమేమిటన్న అనుమానం, లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను రంధ్రపు వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె అని తెలియగానే తీరిపోతుంది. 50 మిల్లీమీటర్ల లెన్సులో ఎఫ్ 2 అంటే 25 మిల్లీమీటర్ల రంధ్రమన్నమాట. షట్టర్‌ను 1/125 నుంచి 1/250కి మారిస్తే వెలుగు సగమవుతుంది, ఐఎస్ఓను 200 నుంచి 400కి పెంచితే ఆ లోటు భర్తీ అవుతుంది. ఇంత చిన్న విషయానికి మా శిక్షకుడిలా బోర్డు నిండా బకెట్లూ కుళాయిలూ గీయవలసిన పని లేదు.

నన్ను నలుగురిలో తలదించుకునేలా చేసింది ఎక్స్‌పోజర్ మీటరు, అంటే ఫొటోకు వెలుగు సరిపోయిందో లేదో చెప్పే కొలత. వ్యూఫైండర్‌లో అడుగున కనిపించే కొలబద్దలో ముల్లు సున్నా మీద నిలిస్తే ఎక్స్‌పోజర్ సరిపోయినట్టేనని మాకు నేర్పారు, నోట్సులో కూడా అదే రాయించారు. ఆ మాటను తు.చ. తప్పకుండా పాటిస్తూ వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లి పత్తి రాశులను తీశాను, వేయిస్తంభాల గుడికి వెళ్లి నల్లరాతి నందిని తీశాను. ప్రతి ఫొటోకూ ముల్లు సున్నా మీదే ఉంది. అయినా పత్తి మాసిన గుడ్డలా వచ్చింది, అద్దంలా మెరిసే నంది బూడిద పూసుకున్నట్టు తేలిపోయింది. మరుసటి తరగతిలో శిక్షకుడు ఆ పత్తి ఫొటోను ప్రొజెక్టర్ మీద వేసి, "ఇది పత్తా, సిమెంటా సార్?" అని అడిగారు. గదంతా నవ్వింది. ముల్లు సున్నా మీదే పెట్టానని నేను చెబితే, అదంతా కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్సు మహిమ అని, 50 మిల్లీమీటర్ల లెన్సు తీసుకుంటే తెలుపు తెలుపులాగే వస్తుందని, తన దగ్గర వాడినది ఒకటి ఉందని, కావాలంటే తక్కువకే ఇస్తానని అన్నారు. నాకన్నా వయసులో చాలా చిన్నవాళ్ల మధ్య కూర్చుని ఆ మాటలు వినవలసి వచ్చింది. తెలియనిది తెలియదని ఒప్పుకోవడం చేతకానివారు పాఠం చెప్పడానికి పూనుకోకూడదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారగానే వసారాలో నీడపట్టున దండెం మీద ఉతికిన తెల్ల పంచెను పరిచి, ఫ్రేమంతా అదే నిండేలా దగ్గరికి వెళ్లి, ముల్లు సున్నా మీద నిలిపి తీశాను. తరువాత అదే దండేనికి నల్ల గొడుగును విప్పి తగిలించి, ఫ్రేమంతా గొడుగు గుడ్డే నిండేలా, మళ్లీ ముల్లును సున్నాకు తెచ్చి తీశాను. రెండు ఫొటోలనూ తెర మీద ముందుకూ వెనక్కూ జరిపి చూస్తే, గొడుగు ఊచ కనిపించినప్పుడు తప్ప ఏది పంచె, ఏది గొడుగు అన్నది పోల్చుకోలేకపోయాను. రెండూ ఒకే బూడిద రంగు! లెన్సు మీద పడిన నింద అక్కడితో తీరిపోయింది.

మీటరు వస్తువు రంగును చూడదు, దాని మీద నుంచి తిరిగి వచ్చిన వెలుగును మాత్రమే కొలుస్తుంది. ఎదుట ఉన్నదంతా సగటున మధ్యస్థమైన బూడిద రంగులో ఉంటుందని, అంటే పడిన వెలుగులో దాదాపు 18 శాతాన్ని తిప్పి పంపుతుందని అనుకుని అది లెక్క కడుతుంది. పత్తి అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ పంపుతుంది కనుక వెలుగు మితిమీరిందని భ్రమపడి తగ్గించమంటుంది. నల్లరాయి తక్కువ పంపుతుంది కనుక పెంచమంటుంది. కాబట్టి తెల్లని వస్తువుకు ముల్లును సున్నా దాటించి కూడిక వైపు ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపుల దాకా (ఒక స్టాపు అంటే వెలుగును రెట్టింపు లేదా సగం చేయడం) జరపాలి, నల్లని వస్తువుకు తీసివేత వైపు దాదాపు అంతే జరపాలి. అపర్చర్‌ను మనం, షట్టర్‌ను కెమెరా చూసుకునే మోడ్‌లో ఈ పనినే కూడిక, తీసివేత గుర్తులున్న ఎక్స్‌పోజర్ కంపెన్సేషన్ బటన్ చేస్తుంది. నిండు ఎండలో అసలు మీటరునే నమ్మకుండా ఐఎస్ఓ 100, ఎఫ్ 16, షట్టర్ 1/100 అన్న పాత ఫిలిం కాలపు లెక్కతోనో, దానికి సమానమైన ఎఫ్ 8, 1/400తోనో తీస్తే పత్తీ నందీ రెండూ వాటి రంగుల్లోనే వస్తాయి. తిరిగి మార్కెట్‌కు వెళ్లి తీసిన ఫొటోల్లో పత్తి తెల్లగా ఉండటమే కాదు, పోగుల మధ్య చిక్కుకున్న ఎండుటాకు ముక్కలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. వాటిని చూసిన హమాలీలు తమ ఫొటోలు కూడా తీయమని వరుసకట్టారని చెప్పుకోవడానికి నేనేమీ మొహమాటపడను.

మిర్చి తీసేవారికి ఒక్క హెచ్చరిక. అదే మార్కెట్‌లో ఎండలో పోసిన మిరపకాయలను తీసినప్పుడు మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎడమకూ వెలుగు కుడికీ ఎంతెంత ఉందో చూపే పటం) అంతా సవ్యంగానే ఉన్నట్టు చూపించింది గాని, కాయల మీది ముడతలు పోయి ఎర్రని ముద్ద మిగిలింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ తెరిస్తే ఎరుపు ఒక్కటే కుడి గోడకు గుద్దుకుని ఉంది, అంటే మితిమీరిపోయింది. మూడింట రెండు వంతుల స్టాపు తగ్గించగానే ముడతలు తిరిగి వచ్చాయి.

ట్యూబ్‌లైటు కింద తీసేటప్పుడు షట్టర్‌ను 1/50 లేదా 1/100 వద్ద ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ఆ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, షట్టర్ వేగం మరీ పెంచితే ఫొటోలో అడ్డంగా చారలు పడతాయి.

ఎవరైనా శిక్షణ ఇస్తామంటే ఫీజు కట్టే ముందే ఒక తెల్ల గుడ్డను పరిచి, దీన్ని తీయాలంటే ముల్లును ఎక్కడ నిలపాలని అడగండి. సున్నా మీద అన్నారంటే ఆ డబ్బుతో ఒక మంచి ట్రైపాడ్ కొనుక్కోండి. నేను ఇప్పటికీ ఆ కిట్ లెన్సుతోనే తీస్తున్నాను.