పెంచలకోనలో రాలిన ఆకుల కింద

నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు మీదుగా పెంచలకోన చేరేసరికి ఎండెక్కింది. డిసెంబరు నెల, వానలు వెలిసి ఎన్నాళ్లో కాలేదు, వెలిగొండలు పచ్చగా ఉన్నాయి. స్వామి దర్శనం త్వరగానే అయింది. అక్కడి నుంచి చాలామంది జలపాతం కోసం పైకి నడుస్తారు. నాకు ఆ దారి పక్కన పరుచుకున్న ఆకులు చూడాలని ఉంది.

ఊరి పెద్దాయన ఒకరు తోడొచ్చారు. ఆకులు తీద్దామని వంగితే, "చెయ్యి పెట్టబాకయ్యా, తేళ్లుంటాయి" అంటూ కర్రతో ఆయనే పొరలు విప్పారు. పైన తునికి, మద్ది ఆకులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. వాటి కిందవి నల్లబడి, తెల్లటి బూజు దారాలతో ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కొన్నిట్లో ఈనెలే మిగిలాయి. ఇంకా కింద ఆకు ఆనవాలే లేదు. వేలెడు లోతైనా లేని నల్లటి పొడి, ఆ తర్వాత ఎర్రమట్టి. రోకలిబండ పురుగు ఒకటి కర్ర తగలగానే చుట్టుకుపోయింది. ఆ పొరల మధ్యే ఎవరో పారేసిన ప్లాస్టిక్ గ్లాసు! చుట్టూ ఆకంతా మట్టవుతున్నా అది మాత్రం అలాగే ఉంది. కడుపు మండింది.

ఎండుటాకు బరువులో దాదాపు సగం కార్బనే. ఈ అడవుల్లో ఆకు ఎక్కువగా రాలేది చలికాలం చివర్లో, ఎండలు ముదిరే ముందు. తడి లేనిదే బూజుకీ బాక్టీరియాకీ పని సాగదు. ఆ ఎండల్లోనూ తింటూ ఉండేవి ముఖ్యంగా చెదలే. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి పడతాయి కాబట్టి, నేను చూసిన కుళ్లు మంచి ఊపులో ఉన్నట్టు.

తిన్న జీవులు శ్వాసతో వదిలేయడం వల్ల ఆ కార్బన్‌లో ఎక్కువ భాగం గాలిలోకే తిరిగిపోతుంది. మట్టిలో నిలిచేది కొంచెమే, అదీ చాలావరకు ఆకు ముక్కలుగా కాదు. ఆకును తిని చచ్చిన సూక్ష్మజీవుల అవశేషాలు బంకమట్టి రేణువులకీ, ఈ నేలకు ఎర్రరంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్లకీ అంటుకుంటాయి. అలా అంటుకున్నది దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు ఉంటుంది. ప్రపంచం మొత్తమ్మీద పై మీటరు మట్టిలో సుమారు 1,500 బిలియన్ టన్నుల సేంద్రియ కార్బన్ ఉందని అంచనా. గాలిలో ఉన్నదానికంటే ఎక్కువ! అయినా అడవి అనగానే మనం చెట్లనే లెక్కపెడతాం. నేలకు అది అన్యాయం.

ఇంకొంచెం పైన, ఎండాకాలంలో కాలిన వాలు చూపించారు పెద్దాయన. ఆకు పొర లేదు. బోదగడ్డి, గట్టిపడిన నేల, వాన కోసుకుపోయిన గండ్లు. నెమ్మదిగా మట్టిలోకి దిగాల్సిన ఆకు ఒక్క పూటలో పొగైపోయింది. దానికి ఆరని బీడీ ముక్క చాలు.

మార్చికల్లా ఆకంతా మళ్లీ రాలి ఎండుతుంది. ఆలోపే బాట పక్కన ఊడ్చి ఫైర్ లైన్లు (మంట దాటకుండా ఆకు లేని పట్టీలు) వేస్తారట, పెద్దాయన కొడుకు కూడా ఆ పనికి పోతాడు. మరి ఆ ఆకు పోయినట్టేనా అని అడిగాను.

"ఊడ్చేది బాట పక్కనేనయ్యా, లోపలి ఆకు జోలికి పోము" అన్నారాయన.