ఒక్కదాన్నే బయల్దేరే ముందు

మా చర్చి స్త్రీల ప్రార్థన కూడికలో ఈమధ్య చిన్నపాటి వాదం నడిచింది. కొత్తగా ఉద్యోగం వచ్చి పుణె వెళ్తున్న అమ్మాయి ప్రార్థన అంశం చెప్పింది. ఒక్కతే వెళ్తోందట, దారిపొడుగునా లొకేషన్ వాళ్ళన్నకి షేర్ చేస్తూ ఉంటానంది. వెంటనే ఓ పెద్దావిడ అందుకున్నారు. "దేవుడి మీద భారం వేశాక మళ్ళీ ఆ లొకేషన్ ఎందుకమ్మా? విశ్వాసం లేకనేగా!" ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. బైబిల్లో ఎజ్రా గ్రంథం ఎనిమిదో అధ్యాయం తీశాను.

తీస్తే ఆవిడ ఆ అధ్యాయాన్ని నా మీదికే తిప్పారు. అదీ న్యాయమే. ఎజ్రా యూదుల్ని వెంటబెట్టుకుని బబులోను నుంచి యెరూషలేముకు బయల్దేరుతూ అహవా నది దగ్గర జనాన్నంతా ఆపి ఉపవాసం ప్రకటించాడు, "మాకును మా చిన్నవారికిని మా ఆస్తికిని శుభప్రయాణము కలుగజేయుమని" దేవుణ్ణి వేడుకోవడానికి. దారిలో పొంచి ఉండేవాళ్ళ భయం ఉంది. పారసీక రాజును అడిగితే గుర్రపు రౌతుల్ని ఇస్తాడు. కానీ మా దేవుడు మమ్మల్ని చూసుకుంటాడని ఆ రాజు దగ్గరే చెప్పి ఉన్నాడు, ఇప్పుడు వెళ్ళి కాపలా కావాలంటే సిగ్గేసింది. "చూశావా, ఆయన అడగలేదు" అన్నారు ఆవిడ.

నిజమే, అడగలేదు. అయితే నాలుగు పేజీలు తిప్పితే నెహెమ్యా ఉన్నాడు. అదే యెరూషలేముకు వెళ్తూ, రాజు పంపిన సేనాధిపతుల్నీ రౌతుల్నీ వెంటబెట్టుకుని వెళ్ళాడు. నెహెమ్యాకి ప్రార్థన లేదని ఎవరనగలరు? రాజు ప్రశ్న వేస్తే, జవాబు చెప్పే ముందు నిలబడ్డచోటే దేవుడికి ప్రార్థన చేసుకున్న మనిషి. పోనీ ఎజ్రా మాత్రం ఉపవాసం అయ్యాక వెండి బంగారాలు ఎవరి చేతిలో పడితే వాళ్ళ చేతిలో పెట్టాడా? పన్నెండుమంది యాజకుల్ని ఏర్పరచి, తూచి మరీ అప్పగించాడు. నెలల తరబడి నడిచి యెరూషలేము చేరాక మళ్ళీ తూయించి లెక్క రాయించాడు. బ్యాగుకి గొలుసు, తాళం వేసుకునే ఆడపిల్లకి విశ్వాసం తక్కువని అనేవాళ్ళు ఈ వచనాలు ఒకసారి చదవాలి.

నాకు ఎజ్రాలో నచ్చేది కాపలా సంగతి కాదు. ఆయన ధర్మశాస్త్రంలో ప్రవీణుడైన శాస్త్రి. చేతిలో ఆ పారసీక రాజు అర్తహషస్త ఇచ్చిన తాకీదు ఉంది. అంతటివాడు నది ఒడ్డున పిల్లాజెల్లా అందరి ముందూ, ఈ దారి దాటించడం నా వల్ల కాదని ఒప్పుకుని కూర్చున్నాడు. ప్రయాణానికి ముందు తగ్గించుకోవడం అంటే అదే అనుకుంటాను.

ఇక్కడో మాట చెప్పాలి, కొందరికి కోపం వచ్చినా సరే. రాహుకాలం, వర్జ్యం మేం చూడమని గొప్పగా చెప్పుకుంటాం. కానీ గుమ్మం దాటేముందు, రాకపోకల్లో దేవుడు కాపాడతాడని చెప్పే 121వ కీర్తన చదవడం మర్చిపోతే చాలు, ఇక ఏదో జరిగిపోతుందని స్టేషన్ దాకా గుండె దడే. పర్సులో బైబిలు వచనం ఉన్న వాగ్దానం కార్డు, బ్యాగులో ప్రార్థన చేసిన నూనె సీసా లేకపోతే కాలు బయటపెట్టని వాళ్ళు నాకు తెలుసు. అది పేరు మార్చుకున్న రాహుకాలం, అంతే.

నేను చెకప్‌కి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్తుంటాను. మావారు ఉన్నప్పుడు టికెట్లు, ఫైలు, ఆటో బేరం అన్నీ ఆయనే చూసుకునేవారు, నేను వెనక నడిచేదాన్ని. ఇప్పుడు ఒక్కదాన్నే. అబ్బాయికి ప్రతిసారీ సెలవు దొరకదు. ఒంగోలులో రాత్రి రైలెక్కితే తెల్లారాక కాట్పాడి, వేలూరుకి దిగాల్సిన స్టేషన్. ముందురోజు సాయంత్రమే బ్యాగు సర్దేసి, దాని మీద స్కానింగుల ఫైలు పెట్టి, పక్కన మంచం అంచున కూర్చుంటాను. మోకాళ్ళు అరిగిపోయాయి, వంగవు. దేవుడికి తెలుసు.

మామూలుగా మనం చేసే ప్రయాణ ప్రార్థన దేవుడికి టైంటేబుల్ చదివి వినిపించినట్టు ఉంటుంది. బండి లేటు కాకూడదు, లోయర్ బెర్తు ఇవ్వు, రిపోర్టులన్నీ నార్మల్ రావాలి, తిరుగు బండి అందాలి. ఇవి అడగడం తప్పని నేననను, నేనూ అడుగుతాను, ముఖ్యంగా లోయర్ బెర్తు. యాకోబు కూడా ఇల్లు విడిచి ఒంటరిగా వెళ్తూ బేతేలులో బేరం పెట్టినవాడే. దారిలో కాపాడి, తిండీ బట్టా ఇచ్చి, క్షేమంగా తిరిగి ఇంటికి చేరిస్తే నువ్వే నా దేవుడివి అన్నాడు. దేవుడు విసుక్కోలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత అదే యాకోబు తిరిగొస్తూ ఏమన్నాడో చూడండి: నీ ఉపకారాలకి నేను అపాత్రుణ్ణి, "నా చేతి కఱ్ఱతో మాత్రమే యీ యొర్దాను దాటితిని" అన్నాడు. వెళ్ళేటప్పటి ప్రార్థనలో షరతు ఉంది. వచ్చేటప్పటి దాంట్లో లేదు. భయం మాత్రం రెండిట్లోనూ ఉంది. ఒకప్పుడు తాను మోసం చేసిన అన్న ఏశావు ఎదురొస్తున్నాడు మరి.

అందుకని నేను ముందు భయాలు చెప్పేస్తాను, పేరుపేరునా. "తండ్రీ, చిత్తూరు దాటితే నాకు భాష రాదు. రోడ్డు దాటించే మనిషి పక్కన లేడు. డాక్టరు ఏం చెబుతాడోనన్న టెన్షన్ ఉంది." ఆ తర్వాత కొత్త నిబంధనలో యాకోబు రాసిన పత్రికలో (ఈ యాకోబు వేరు) మాట, "ప్రభువు చిత్తమైతే మనము బ్రదికియుండి ఇది అది చేతము". ఇది అనేటప్పుడు ప్రతిసారీ నోరు తడబడుతుంది. చిత్తం కాకపోతే ఏమిటన్నది కూడా అందులోనే ఉంది కదా. ఆ తడబాటుతోనే అనేస్తాను. చివర్లో ఒకటి అడుగుతాను: "సాయం అడగాల్సిన చోట నా నోరు పెగిలేలా చెయ్యి."

నవ్వకండి. టీచరుగా పనిచేసి రిటైరైన దాన్ని, చూపుతో క్లాసంతా కూర్చోబెట్టిన దాన్ని. ఎదుటి బెర్తులో ముక్కూ మొహం తెలియని పిల్లని "కాట్పాడి వస్తే కాస్త లేపమ్మా" అని అడగడం నాకు ఉపవాసం కంటే కష్టం. దేవుడి ముందు తగ్గించుకోవడం సులువు, గదిలో ఎవరూ చూడరు. బోగీలో తగ్గించుకోవడమే పరీక్ష. పుణె వెళ్ళే పిల్లకి కూడా అదే చెప్పాను. ప్రార్థన చేసుకో, లొకేషన్ షేర్ చెయ్యి, రైల్వే వాళ్ళ హెల్ప్‌లైన్ 139 ఫోన్లో పెట్టుకో, ఇబ్బంది అనిపిస్తే మొహమాటపడకుండా పక్క సీట్లో ఉన్న ఆడవాళ్ళతో చెప్పు. వాళ్ళనక్కడ కూర్చోబెట్టింది ఎవరనుకున్నావు?

మందిరంలో చెప్పే సాక్ష్యాల్లో ఒక రకం నాకు అస్సలు పడదు. "బస్సు బోల్తాపడింది, పక్కవాళ్ళంతా పోయారు, ప్రార్థన చేసుకుని ఎక్కాను కాబట్టి నన్ను దేవుడు కాపాడాడు." మందిరమంతా హల్లెలూయ. ఆ పక్కవాళ్ళలో ప్రార్థన చేసుకుని ఎక్కినవాళ్ళు లేరా? అపొస్తలుడైన పౌలు కంటే ఎక్కువ ప్రార్థన చేశామా మనం? రోముకు రావడానికి దేవుని చిత్తం వల్ల వీలు కలగాలని ఆయన ఎప్పుడూ బతిమాలుకున్నాడు. చేరాడు, నిజమే. ఖైదీగా చేరాడు, దారిలో మెలితే ద్వీపం దగ్గర ఓడ ముక్కలైంది. అప్పటికే మూడుసార్లు ఓడ పగిలిన అనుభవం ఉన్నవాడు. ఆ తుఫానులో దేవదూత వచ్చి చెప్పిందేమిటంటే, పౌలు ఒక్కడే బతుకుతాడని కాదు, ఆయనతోపాటు ఓడలో ఉన్నవాళ్ళందరినీ దేవుడు ఆయనకి ఇచ్చాడని. 276 మంది. సైనికులు, నావికులు, తోటి ఖైదీలు. అందరూ ఒడ్డెక్కారు.

ఇది చదివినప్పటి నుంచి నా ప్రార్థన కొంచెం పొడుగైంది. వేలూరు బండి సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు, ప్రతి బేలోనూ ఎవరో ఒకరి ఒళ్ళో ఫైలు ఉంటుంది. 1900లో అమెరికన్ మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ ఒక్క పడకతో మొదలుపెట్టిన చోటికి మన తెలుగువాళ్ళం ఇప్పుడు బోగీలకి బోగీలు వెళ్తున్నాం. గుండు చేయించిన పసిపిల్ల, డయాలసిస్ కుర్రాడు, అతని పక్కన రాత్రంతా కూర్చునే తల్లి. వాళ్ళలో చాలామంది తిరుపతి రాగానే అటు తిరిగి దండం పెట్టుకుంటారు. వాళ్ళ కోసం కూడా అడుగుతాను. ఇంజిన్లో మేలుకుని బండి నడిపే మనిషి కోసమూ అడుగుతాను. ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు గానీ, బండి నడిపేవాడు మనిషేగా, నిద్రొస్తుంది.

ఇక చేరాక. ఎజ్రా వాళ్ళు యెరూషలేము చేరి, మూడు రోజులు ఆగి, సామాను తూచి, బలులు అర్పించారు. మనవాళ్ళేమో వెళ్ళేటప్పుడు గ్రూపులో నాలుగు మెసేజులు పెట్టి ప్రార్థన చేయించుకుంటారు, దిగాక ఒక్క ముక్క రాయరు. పుణె పిల్ల చేరి వారం దాటింది. అక్కడ బిర్యానీ తింటున్న ఫోటో స్టేటస్‌లో నేనే చూశాను. మా పాస్టరమ్మగారికి స్టేటస్‌లు చూసే అలవాటు లేదు. మొన్న కూడికలో కూడా ఆ పిల్లని క్షేమంగా చేర్చమని కన్నీళ్ళతో ప్రార్థన చేశారు.