30 అడుగుల పోలు, బోరు నీళ్ళు: నా అనుభవం

హోటల్ అద్దాలు కడిగిన డబ్బులు నిన్న సాయంత్రం చేతికొచ్చాయి. 3 వేలు కోసేసి ఇచ్చారు, అయినా మనసు కుదుటపడింది. పోలుతో, అంటే చివర బ్రష్, లోపల నీళ్ళ పైపు ఉన్న పొడుగాటి కర్రతో, కింద నిలబడే అద్దాలు కడిగే పని పెట్టుకుందామని మన తిరుపతిలో ఇప్పుడు చాలామంది తమ్ముళ్ళు అడుగుతున్నారు. నేను పడిన అవమానం ఇంకొకరు పడకూడదని రాస్తున్నా.

నేను 11 ఏళ్ళు లాడ్జీల్లో హౌస్‌కీపింగ్ చేశాను. రెండేళ్ళ కిందట మాతో పనిచేసే కుర్రాడు అద్దాలు తుడుస్తూ వెదురు నిచ్చెన జారి రెండో అంతస్తు నుంచి పడ్డాడు. తుంటి విరిగింది. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. ఆ రోజే నిర్ణయించుకున్నా, ఇక చేస్తే నేల మీద నిలబడి చేసే పనే చేయాలని. తాడు గానీ బెల్టు గానీ లేకుండా పిల్లల్ని సన్‌షేడ్ల మీదికి ఎక్కించే ఓనర్లు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు. బ్రహ్మోత్సవాలకు లాడ్జీ తళతళలాడాలి, కూలి మాత్రం 500 తగ్గాలి. ఆ 500 కోసం ఒక పిల్లాడి కాళ్ళు పోతే ఆస్పత్రికి వచ్చి పలకరించే దిక్కుండదు. ఇది నా కళ్ళతో చూశాను.

పోలు మద్రాసులో కొన్నాం. అల్యూమినియంది బరువు, కార్బన్ ఫైబర్‌ది తేలికే గానీ ధర మనకు అందదు. మధ్యరకం గ్లాస్ ఫైబర్‌ది తీసుకున్నా. పైన బ్రష్, బ్రష్‌లో రెండు సన్నటి నీళ్ళ జెట్లు, లోపలి నుంచి పైపు. బ్రష్‌ల్లో పంది వెంట్రుకలవి కూడా ఉంటాయి, మురికిని బాగా వదిలిస్తాయంటారు. గోపురం కనిపించే బిల్డింగుల మీద నేను వాటిని పెట్టను, నైలాన్‌దే వాడతా. పట్టుకోవడం మూడు రోజుల్లో వచ్చేసింది.

మొదటి పెద్ద పని తిరుచానూరు రోడ్డులో మూడంతస్తుల హోటల్. తూర్పు ముఖం, ముందంతా అద్దాలే. హోటల్ బోరు కుళాయికి పైపు తగిలించి నేనూ మా బామ్మర్దీ రెండు రోజుల్లో ముగించాం. తడి మీద అద్దాల్లో ఆకాశం కనిపించింది. ఫోటోలు తీసుకుని సంతోషంగా ఇంటికెళ్ళాం.

మర్నాడు ఉదయం 7కి ఓనరు పెద్దాయన ఫోన్. "ఒకసారి వచ్చి చూసి పో."

పోయేసరికి రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. "ఇట్ల రా నాయనా. ఈడ నిలబడు. ఎండ పడతా ఉంది గదా, ఇప్పుడు చూడు" అన్నాడు. చూశా. ఒక్క అద్దం వదలకుండా తెల్లటి చుక్కలు, ఆవగింజంత, కొన్ని జొన్నగింజంత. ఫ్రేమ్ కింద నుంచి పొడుగ్గా కారిన చారలు. ఎండ అడ్డంగా పడుతుంటే మూడంతస్తులూ పొక్కులు లేచినట్టు ఉన్నాయి. "నాతో డబ్బు తీసుకుని అద్దాలు కడిగినావా, సున్నం కొట్టినావా?" అని గట్టిగా అడిగాడు. కొండకు పోను టెంపో కోసం నిలబడిన యాత్రికులు, రిసెప్షన్ పిల్లలు, పూలమ్మే ఆమె, అందరూ మమ్మల్నే చూస్తున్నారు. మా బామ్మర్ది తల ఎత్తలేదు. తడిబట్ట తీసుకుని కింది అద్దం రుద్దా. పోయినట్టే పోయింది, ఐదు నిమిషాలకు ఆరింది, మళ్ళీ అవే చుక్కలు. బొటనవేలి గోరుతో గీకితే ఉప్పురాయిలా గరగరమంది. "పాత పిల్లోడు పేపరు ముక్కతో ఇంతకంటే బాగా తుడిచేవాడు" అన్నాడు పెద్దాయన. 11 ఏళ్ళ పని మీద ఆ మాట పడింది. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

పోలు అమ్మిన మనిషికి ఫోన్ చేశా. "ప్యూర్ వాటర్ వాడలేదా సార్? అది అందరికీ తెలిసిందే కదా" అన్నాడు. అమ్మేటప్పుడు క్లాంపుల రంగు గురించి పావుగంట చెప్పిన మనిషి నీళ్ళ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. పోలు ఎక్కడ కొన్నా సరే, డబ్బు కట్టే ముందు నీళ్ళ సంగతి వాడి నోటితో చెప్పించుకోండి.

సంగతి ఇది. వైపర్‌తో తుడిచినప్పుడు రబ్బరు నీళ్ళను లాగేస్తుంది, బోరు నీళ్ళైనా గడిచిపోతుంది. పోలు పద్ధతిలో తుడవడం ఉండదు, అద్దం తనంతట తానే ఆరాలి. నీళ్ళు ఆవిరైపోతాయి గానీ అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు పోవు, అద్దం మీదే ఉండిపోతాయి. అందుకే నీళ్ళలో ఏమీ ఉండకూడదు. నీళ్ళలో కరిగిన ఉప్పులు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపే టీడీఎస్ మీటరు కొని ఆ బోరు నీళ్ళలో ముంచితే 1140 చూపించింది. తాగే నీళ్ళకు 500 దాకా మంచిదేనని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. అద్దానికి 10 లోపే ఉండాలి, 0 అయితే నిశ్చింత.

వాటర్ ప్లాంట్ నుంచి నాలుగు క్యాన్లు తెచ్చి ఒక అద్దం కడిగి చూశా. మీటరు 62. చుక్కలు సన్నబడ్డాయి గానీ పోలేదు. చివరికి ఆర్వో ఫిల్టర్ తర్వాత డీఐ రెసిన్ (నీళ్ళలోని ఉప్పును లాగేసే గింజలు) సిలిండర్ పెట్టా. గసగసాల్లాంటి బంగారు రంగు గింజలు, మిగిలిన ఉప్పును అవి పట్టేస్తాయి. మీటరు 0 చూపించినప్పుడు బామ్మర్ది చేత మళ్ళీ చదివించా. బోరు నీళ్ళను నేరుగా రెసిన్‌లోకి వదలకండి, నాలుగు రోజుల్లో చచ్చిపోతుంది. ఆర్వో ముందు, రెసిన్ వెనక. చిన్న పనైతే బ్యాటరీలకు పోసే, ఉప్పులు తీసేసిన డీఎం నీళ్ళు కొన్నా చాలు. మీటరు ముంచకుండా మాత్రం కొనకండి, ఆ క్యాన్లలో మామూలు ఆర్వో నీళ్ళు పోసి అమ్మే షాపులు ఉన్నాయి.

పాత చుక్కలు స్వచ్ఛమైన నీళ్ళకు కదలవు. నిమ్మ ఉప్పు నీళ్ళలో కలిపి, ఎండ తిరిగాక బట్టతో పట్టించి, ఐదు నిమిషాలు ఉంచి రుద్దితే వదిలాయి. అవి వారం లోపువి కాబట్టి వదిలాయి. నెలల తరబడి ఉంటే అద్దాన్నే తినేస్తాయి. కింద పాలరాయి ఉంటే ఈ నీళ్ళు పడనివ్వకండి. బాత్రూమ్ యాసిడ్ వాడమని ఒకాయన సలహా ఇచ్చాడు. అల్యూమినియం ఫ్రేములు పాడవుతాయి, వద్దు.

0 నీళ్ళతో కడిగినా పై ఫ్రేమ్ కింద చారలు మిగిలాయి. రబ్బరు బీడింగ్‌లో దాగిన దుమ్ము తర్వాత కారుతోంది. అప్పుడు క్రమం మార్చా. ముందు పై ఫ్రేమ్ రుద్ది రెండుసార్లు నీళ్ళు పోయాలి. అది కారుతుండగా పక్క కిటికీకి పోయి, తిరిగొచ్చి అద్దం రుద్దాలి. ఆఖరున బ్రష్‌ను రెండంగుళాలు ఎడం పట్టి, పై అంచు నుంచి అటూ ఇటూ నిదానంగా కడుగుతూ దిగాలి. నెత్తి మీద నిటారుగా పోలు పెట్టకండి, మెడ పట్టేస్తుంది. గోడకు దూరంగా నిలబడండి.

ఒక వైపు 11 కేవీ తీగలు గోడకు దగ్గరగా ఉన్నాయి. ఆ వైపు చేయనన్నా. గ్లాస్ ఫైబర్‌కు కరెంటు పారదని ఎవరు చెప్పినా వినకండి, తడిసిన పోలుకు ఆ మాట చెల్లదు. పెద్దాయన కోప్పడ్డాడు, నేను లొంగలేదు.

మొన్న పొద్దున 7కి నేనే పిలిచి రోడ్డు మీద నిలబెట్టా. ఎండ నేరుగా పడింది. ఒక్క చుక్క లేదు. ఈ ఊళ్ళో అంత శుభ్రమైన ముఖం ఉన్న హోటల్ ఇప్పుడు అదేనని ధైర్యంగా చెప్తా. పెద్దాయన అటు చివరి నుంచి ఇటు చివరి దాకా నడిచి చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయాడు. 3 వేలు కోసింది అకౌంటెంటు, ఆలస్యమైందని.

ఇవాళ మళ్ళీ ఫోన్ వచ్చింది, వెనక బ్లాక్ కూడా చేయమని. సోమవారం పోతున్నాం. డ్రమ్ములో మీటరు ముంచి, ఆ 0 ఆయన చేతనే చదివించి, తర్వాతే పైపు విప్పుతా.