1808 నాటి రాగి నాణెం విలువ తేల్చుకోవడం: నా అనుభవం

అమ్మమ్మ వాళ్ల ఇల్లు అమ్మేశాక పాత సామాన్లు పంచుకుంటే నా వాటాకి రెండు రాగి నాణేలు వచ్చాయి. అమ్మమ్మ వాళ్లది తెనాలి పక్కన పల్లెటూరు. ఒక నాణెం పెద్దది, ముదురు గోధుమ రంగులో, అరిగి ఉంది. రెండోది చిన్నది, తళతళ మెరుస్తోంది, ఎవరో ఎప్పుడో బాగా తోమినట్టున్నారు. చూసినవాళ్లందరూ చిన్నదాన్నే చేతిలోకి తీసుకుని "ఇది బాగుంది" అన్నారు. రెండూ ఒకే కాలానివి, ఒకే రాగి, ఒకే ఇంట్లో ఉన్నవి కాబట్టి నాణెం విలువ ఎలా కడతారో నేర్చుకోవడానికి నాకు ఇంతకన్నా మంచి జత దొరికేది కాదు.

ముందు అవి ఏమిటో తెలియాలి కదా. రెండిటి మీదా ఒకే బొమ్మ ఉంది, అటూ ఇటూ సింహాలు, మధ్యలో డాలు, చుట్టూ ఇంగ్లిషులో ఈస్ట్ ఇండియా కంపెనీ అని, కింద 1808. వెనకవైపు ఉర్దూలా కనిపించే రాత, దాని కింద పెద్దదాని మీద రోమన్ అంకెల్లో ఇరవై, చిన్నదాని మీద పది, పక్కనే క్యాష్ అని, అంటే మన కాసు. మా ఆఫీసులో ఉర్దూ చదవగలిగిన ఒక సీనియర్‌కి ఫోటో పంపితే అది పారసీ అని చెప్పి, పెద్దదాని మీద "బీస్త్ కాస్ చహార్ ఫలూస్ అస్త్" అని ఉంది, అంటే ఇరవై కాసులు నాలుగు ఫలూసులకి (రాగి నాణేలకి) సమానం అని విడమరిచి చెప్పారు. దాంతో సగం పని అయిపోయింది. ఇవి మద్రాసు ప్రెసిడెన్సీ కోసం కంపెనీ వాళ్లు ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బౌల్టన్ పెట్టిన సోహో టంకశాలలో ఆవిరి యంత్రాలతో కొట్టించిన నాణేలు, 1803, 1808 సంవత్సరాలతో దొరుకుతాయి. గుంటూరు సీమ 1788లోనే కంపెనీ చేతికి వెళ్లిపోయింది కాబట్టి తెనాలి పక్క ఊళ్లో ఇవి ఉండటంలో వింతేమీ లేదు.

ఇక్కడిదాకా రాగానే మా బాబాయి ఒక వీడియో పంపాడు. ఈస్ట్ ఇండియా కంపెనీ నాణేనికి కోట్లు వస్తాయట, బియ్యాన్ని లాక్కుంటుందట. రైస్ పుల్లింగ్ పేరుతో మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది మోసపోయారో పేపర్లు చదివేవాళ్లకి తెలుసు, అయినా ప్రతి పాత రాగి బిళ్ళ చుట్టూ ఈ కథ తిరుగుతూనే ఉంటుంది. రాగి బియ్యాన్ని లాగదు, ఇనుమునే లాగదు, ఇంక చెప్పడానికేం లేదు. ఆ వీడియోలో చూపించింది అసలు నాణెమే కాదు. ఒకవైపు హనుమంతుడో రామ పట్టాభిషేకమో, ఇంకోవైపు 1818 ఒక అణా అనో 1616 అర్ధణా అనో ఉండే బిళ్ళలు అవి. ఆ సంవత్సరాల్లో కంపెనీ అలాంటి నాణెం కొట్టనే లేదు, తర్వాతెప్పుడో జనాన్ని ఆకట్టుకోవడానికి తయారుచేసి అమ్మినవి. మీ ఇంట్లో అలాంటిది ఉంటే దేవుడి గూట్లో పెట్టుకోండి, అమ్మకానికి మాత్రం తిరక్కండి.

నా దగ్గరున్నవి అసలువో కావో చూడటానికి పెద్ద సామాను ఏమీ అక్కర్లేదు. అయస్కాంతం పెట్టాను, అతుక్కోలేదు. ఇనుము కాదని మాత్రమే దీంతో తెలుస్తుంది, ఇత్తడి కూడా అతుక్కోదు. అందుకే బరువు చూడాలి. గ్రాములో వందో వంతు చూపించే చిన్న డిజిటల్ తూకం మీద పెద్దది 9.12 గ్రాములు తూగింది. ఈ ఇరవై కాసుల నాణెం కొత్తగా ఉన్నప్పుడు తొమ్మిది గ్రాములు దాటి కాస్త ఉండేది, అరుగుదల తీసేస్తే సరిపోయినట్టే. తర్వాత నీళ్ల పరీక్ష. తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, నాణేన్ని దారంతో కట్టి, అడుగుకీ గోడకీ తగలకుండా పూర్తిగా మునిగేలా పట్టుకుంటే తూకం ఒక అంకె చూపిస్తుంది, అది నాణెం పక్కకి నెట్టిన నీళ్ల బరువు, నాణెం బరువుని దాంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. నాకు 1.02 వచ్చింది. 9.12ని 1.02తో భాగిస్తే 8.94. స్వచ్ఛమైన రాగి సాంద్రత 8.96, మామూలు ఇత్తడిది ఎనిమిదిన్నర దగ్గర్లో ఉంటుంది, ఇనుము 7.9. నాణేనికి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, మెల్లగా ఊపి వదిలించాలి. చిన్నదానికీ ఇలాగే చేశాను, అదీ రాగే.

ఇది లోహం గురించి మాత్రమే. రాగితోనే నకిలీ పోత పోసే వాళ్లూ ఉంటారు. పోతపోసినదైతే ఉపరితలం మీద సన్నటి బుడగల గుంటలు, అక్షరాల అంచులు కరిగినట్టు మెత్తగా, పక్క అంచు చుట్టూ అతుకు గీత, లేదా దాన్ని ఆకురాయితో అరగదీసిన గుర్తు కనిపిస్తాయి. అచ్చుతో కొట్టిన నాణెంలో అక్షరం గోడలు నిటారుగా లేస్తాయి. దీనికి పదింతలు పెద్దగా చూపించే భూతద్దం చాలు. అంతకన్నా పెద్దది కొనకండి, ప్రతి నాణెం గాయాల మయంగా కనిపించి అనవసరంగా టెన్షన్ పెడుతుంది.

అసలైన కష్టం ఆ తర్వాతే, అంటే కండిషన్ తేల్చడం. పుస్తకాల్లో గ్రేడ్ల పేర్లు వరుసగా ఉంటాయి, గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్. వీటిలో గుడ్ దాదాపు అట్టడుగున ఉంటుందని ముందే చెబుతున్నా, అమ్మేవాడు గుడ్ కండిషన్ అంటే అతను ఏ లెక్కలో అంటున్నాడో అడగండి. 1 నుంచి 70 దాకా అంకెల్లో చెప్పే షెల్డన్ స్కేలు కూడా ఉంది, 1949లో అమెరికాలో విలియం షెల్డన్ తయారుచేసినప్పుడు అది అక్కడి పాత పెద్ద రాగి సెంట్ల కోసమే చేసింది, వెండి బంగారాలకు తర్వాత వాడారు.

అరుగుదల చూడటానికి నేను ఫోన్ ఫ్లాష్ వాడలేదు. గదిలో లైట్లన్నీ ఆపేసి, టేబుల్ ల్యాంప్ ఒక్కటే పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టి, నాణేన్ని అంచులు పట్టుకుని మెల్లగా తిప్పుతూ చూశాను. ఎత్తుగా ఉన్న భాగాలే ముందు అరుగుతాయి కాబట్టి అక్కడ మొదలుపెట్టాలి. ఈ నాణెంలో సింహాల తల, జూలు, డాలు నడుమ భాగం, ఆ తర్వాత కింద రిబ్బన్ మీద ఉన్న సన్నటి లాటిన్ అక్షరాలు. నా పెద్ద నాణెంలో సింహాల రూపురేఖలు చక్కగా ఉన్నాయి గానీ జూలులో వెంట్రుకలు పోయాయి, రిబ్బన్ మీద అక్షరాలు సగం చదవొచ్చు, పారసీ రాత మాత్రం మొత్తం ఉంది. ఒకవైపు ఒకలా ఇంకోవైపు ఇంకోలా ఉంటే ఎక్కువ అరిగిన వైపుకే ప్రాధాన్యం ఇచ్చి గ్రేడు కట్టాలి, మన నాణెం కదా అని పైకి లాగాలనిపిస్తుంది, లాగకూడదు. నేను ఫైన్‌కి కొంచెం పైన అనుకున్నాను.

చిన్నదాని మీద అరుగుదల ఇంకా తక్కువే. జూలు కూడా కొంత కనిపిస్తోంది. అరుగుదల ఒక్కటే చూసి గ్రేడు ఇచ్చేటట్టయితే చిన్నదే గెలవాలి. కానీ ల్యాంప్ కింద తిప్పుతుంటే బొమ్మలూ అక్షరాలూ లేని ఖాళీ భాగం నిండా ఒకే దిక్కుకి సాగే సన్నటి గీతలు బయటపడ్డాయి, రంగు గులాబీకీ నారింజకీ మధ్య ఏదో వింత రంగు, అక్షరాల మూలల్లో మాత్రం పాత నలుపు ఇరుక్కుని మిగిలింది. చింతపండో నిమ్మకాయో వేసి పీచుతో తోమిన నాణెం ఇలాగే ఉంటుంది. పూజ సామాన్లతో పాటు పండక్కి దీన్నీ తోమి ఉంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. కానీ రాగి మీద ఏళ్ల తరబడి ఏర్పడే గోధుమ రంగు పొర మురికి కాదు, అది రాగే గాలితో కలిసి కట్టుకున్న ఆక్సైడు, కింద ఉన్న లోహాన్ని అదే కాపాడుతుంది. పులుపు ఆ పొరని కరిగిస్తుంది, పీచు మిగతా పని చేస్తుంది, పోయిన పొర వెనక్కి రాదు. కొనేవాళ్లు ఇలాంటి నాణేనికి గ్రేడు చెప్పి పక్కనే "క్లీన్డ్" అని రాస్తారు, ఆ ఒక్క మాటతో ధర చాలాసార్లు సగానికి పడుతుంది. అమ్మ మాత్రం పెద్దదాన్ని చూసి "అదీ ఓసారి తోమెయ్యరా, బంగారంలా వస్తుంది" అంది, దాన్ని ఆ రోజే బీరువాలో పెట్టి తాళం వేశాను.

పచ్చదనం సంగతి విడిగా చెప్పాలి. పెద్దదాని అంచు దగ్గర చిన్న పచ్చ మచ్చ ఉంది. గట్టిగా, ముదురు ఆకుపచ్చగా, పుల్లతో గీస్తే రాలకుండా ఉంటే అది పాత పొర, దాని జోలికి వెళ్లనక్కర్లేదు. లేత పచ్చగా పిండిలా ఉండి, టూత్‌పిక్ తగలగానే రాలి, కింద గుంట కనిపిస్తే మాత్రం అది జబ్బు. క్లోరైడు ఉప్పు, తేమ కలిసి రాగిని లోపల్నుంచి తింటూ పోతాయి, పక్కనున్న నాణేలని కూడా విడిగా ఉంచడం మంచిది. నా మచ్చ రాలలేదు. మీద పట్టిన నూనె జిడ్డు మాత్రం తీయాలనిపించి, గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి కాసేపు ముంచి, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచి, రుద్దకుండా మెత్తని గుడ్డ మీద ఆరబెట్టాను. అసిటోన్‌కి మంట చాలా త్వరగా అంటుకుంటుంది, కిటికీ తెరిచి, దీపం, పొయ్యి లేనిచోట చేయాలి. గోళ్ల రంగు తీసే సీసా వాడకండి, అందులో వేరే నూనెలూ వాసనలూ కలుస్తాయి.

ధర దగ్గరికొస్తే, ఈ 1808 నాణేల వెనక ఒక ఓడ ఉంది. అడ్మిరల్ గార్డనర్ అనే కంపెనీ ఓడ ఈ నాణేలనే పీపాల్లో నింపుకుని మద్రాసుకి బయల్దేరి, 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరం దాటకముందే గుడ్విన్ ఇసుక తిన్నెల మీద మునిగిపోయింది. 1980ల్లో డైవర్లు ఆ నాణేలని లక్షల్లో పైకి తీశారు. అందుకే 1808 నాణెం ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతుంది, రెండు వందల ఏళ్లు దాటినా అరుదు కాదు. ఓడ నాణేలు ఎవరి చేతిలోనూ తిరగలేదు కాబట్టి కొన్నిటిలో సింహం జూలు కూడా స్పష్టంగా ఉంటుంది, కానీ ఉప్పునీళ్లు తినేసి ఉపరితలం గరుగ్గా, గుంటలుగా ఉండేవి చాలా ఎక్కువ. నా పెద్దది దానికి సరిగ్గా వ్యతిరేకం, వివరాలు అరిగాయి గానీ చర్మం నున్నగా ఉంది. అంటే వేరే ఓడలో క్షేమంగా వచ్చి, ఇక్కడి సంతల్లో ఖర్చైన నాణెం. నాకు వ్యక్తిగతంగా ఇదే ఎక్కువ ఇష్టం, కొనేవాళ్లలో కొందరు మాత్రం వివరాలున్న ఓడ నాణేన్నే కోరుకుంటారు, కాబట్టి ధర పోల్చేటప్పుడు ఫోటోలో ఉన్నది ఏ రకమో చూడాలి.

పోల్చడానికి అమ్మేవాళ్లు పెట్టిన ధరలు చూడటం దండగ. ఎవరైనా ఎంతైనా పెట్టుకోవచ్చు, అమ్ముడుపోవాలని లేదు. వేలం సంస్థలు పాత వేలాల్లో ఏ నాణెం ఎంతకి పోయిందో ఫోటోతో సహా ఉంచుతాయి, నా నాణెంలాంటివి వెతికి, కాస్త మెరుగైనవి, కాస్త తక్కువవి, రెండు వైపులా పక్కన పెట్టుకున్నాను. మధ్యలో వచ్చే అంకె మన నాణెం విలువ. అందులోంచి వేలం కమిషన్ పోతుందని మర్చిపోకూడదు. గ్రేడింగ్ సంస్థకి పంపి, గ్రేడు రాసిన సీలు డబ్బాలో పెట్టిద్దామని కూడా ఆలోచించా, దాని ఫీజు, రవాణా కలిపితే నాణెం ధర దాటిపోయేలా ఉంది, వదిలేశా.

ఈలోపు ఒకాయన ఫోన్ చేసి పెద్దదానికి మూడు లక్షలు ఇస్తామని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, జీఎస్టీ కట్టమని అడిగాడు. పైగా రిజర్వు బ్యాంకు అనుమతి ఉందట. ఇలాంటి లావాదేవీల్లో తమకు ఏ సంబంధమూ లేదని, తమ పేరుతో ఎవరికీ ఫీజులూ కమిషన్లూ కట్టొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. ఫోన్ పెట్టేశాను. కొనేవాడు డబ్బులిస్తాడు, అడగడు.

చట్టం కూడా కొంచెం తెలిసుండాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు కిందికి వస్తుంది, సొంతంగా విదేశాలకి పంపడం కుదరదు. పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో దొరికినవైతే 1878 నాటి నిక్షేపాల చట్టం ఉంది, కలెక్టర్‌కి తెలియజేయాలి. ఇంట్లో వంశపారంపర్యంగా వచ్చినవి వేరు, నా రెండూ అవే.

చివరికి నాణేల ప్రదర్శనలో ఒక పాత డీలర్‌కి రెండూ చూపించాను. నా గ్రేడు ముందే చెప్పలేదు. ఆయన చిన్నదాన్ని ఒక్క క్షణం చూసి పక్కన పెట్టేశారు, పెద్దదాన్ని మాత్రం లైటు కిందికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి, "ఇది కడగలేదు కదా" అని అడిగి, ఫైన్ ప్లస్ అన్నారు. చెప్పిన ధర మూడంకెల్లోనే ఉంది, నేను వేలాల నుంచి లెక్కేసుకున్నదానికి కాస్త తక్కువ, ఆయన లాభం ఆయనకి ఉండాలి కదా. చిన్నదానికి పాత రాగి రేటు కన్నా ఓ మోస్తరు ఎక్కువ. బేరం ఆడకుండా రెండూ వెనక్కి తెచ్చేసుకున్నా. పెద్దదాన్ని మామూలు మెత్తటి ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దని, పీవీసీ అయితే కొన్నేళ్లకి జిగట పచ్చదనం పడుతుందని ఆయనే హెచ్చరించి, మైలార్ (పీవీసీ లేని పారదర్శక ప్లాస్టిక్) కిటికీ ఉన్న అట్ట కవర్ ఒకటి ఇచ్చారు. దాని మీద పెన్సిల్‌తో బరువు, గ్రేడు, ఎక్కణ్నుంచి వచ్చిందో రాసి, డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లంతో ఉంచాను. చిన్నదాన్ని మా అమ్మాయి స్కూల్లో చూపిస్తానంటే ఇచ్చేశాను, దాన్ని ఎంతమంది ముట్టుకున్నా ఇంక పోయేదేం లేదు.